పొడుగు దొర ఆట, మా అత్త సేవ

మిషన్ ఆస్పత్రికి కొత్తగా ఒక దొర వచ్చాడనీ, తీసెయ్యాలన్న కాళ్లను కూడా నిలబెడుతున్నాడనీ మొట్టమొదట నాకు కబురు తెచ్చింది గాజుల మస్తానమ్మ. ఎమ్మిగనూరు పక్కన ఉన్న మా పల్లెకు ఆమె గాజుల మలారం భుజాన వేసుకొని నెలకోసారి వస్తుంది. అది విజయ నామ సంవత్సరం, ఆషాఢం. కుడి మోకాలు గుమ్మడికాయలా వాచి, నేను నడవలో మంచం మీద పడి ఉన్నాను.

"లక్ష్మిదేవమ్మా, చెయ్యి ఇట్లియ్యి" అని మంచం పక్కనే కూర్చుంది.

"కాలే పోతాంటే నాకు గాజులెందుకు మస్తానమ్మా?"

"కాలు పోతే చేతికి గాజులేసుకోగూడదని యాడుండాది? ఇయ్యి చెయ్యి" అంది. గాజులు ఎక్కిస్తూనే చెప్పింది. "కడప కాడ మిషన్ ఆస్పత్రికి మా చెల్లెలి బిడ్డను తోలకపోయినారు. ఆడికి ఒక దొర వచ్చినాడమ్మా. తాటిమాను! ఆయప్ప వాకిట్లో నిలబడితే వాకిలి కనపడదు. మా పిల్లకు కూడా కాలు తీయాలన్నారే, ఇప్పుడు కట్టె పట్టుకొని నిలబడతాండాది."

"పెద్ద డాక్టరా ఆయన?"

"డాక్టరు కాదంట. వాళ్ల దేశంలో బంతాట ఆడేవాడంట. అదే ఆయప్ప పనంట. పొద్దున లేస్తే ఆటేనంట."

వంటింట్లోంచి మా అత్త గొంతు వినిపించింది. "బాగుండాది! బంతాట ఆడేవాని కాడికి పోతే కాలు చూస్తాడు, గోలీలాడేవాని కాడికి పోతే కన్ను చూస్తాడేమో!"

ఆ నొప్పిలో కూడా నాకు నవ్వు వచ్చింది. నవ్వి చాలా రోజులైందని అప్పుడే గుర్తుకొచ్చింది.

ఆ కష్టం ఇప్పుడు గడిచిపోయింది. నా కాళ్ల మీద నేను నడిచి పూలు కోసుకుంటున్నాను, దేవుడి ముందు దీపం పెట్టుకుంటున్నాను. రాస్తే మనసు నెమ్మదిస్తుందని కొంత, మోకాలు వాచినా ఎవరికీ చెప్పకుండా చేను పనికి పోయే ఆడవాళ్లు మా పక్క చాలామంది ఉన్నారు గనక కొంత, ఇది రాస్తున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే దిద్దించిన అక్షరాలు నావి. తప్పులుంటే మన్నించండి.

ఆ ఏడు ఉగాదికి ముందే మోకాలిలో నొప్పి మొదలైంది. పెద్ద నొప్పేమీ కాదు. పత్తి తీసి వచ్చిన రోజు సాయంత్రం బరువుగా ఉండేది, పడుకుంటే తగ్గేది. చైత్రం గడిచేసరికి వాపు వచ్చింది. ఎరుపు లేదు, వేడి లేదు. అందుకే ఎవరికీ భయం వేయలేదు. ఆముదం రాశారు, ఆకులు కట్టారు. నేనూ పని మానలేదు.

మా అత్త పేరు గంగమ్మ. నోరు పెద్దదని ఊళ్లో పేరు. మనసు కూడా పెద్దదే గానీ అది బయటికి వచ్చే దారి ఆ నోటి గుండానే. నేను కుంటుకుంటూ కడవ మోయడం చూసి, ఆమె ఒకరోజు పసుపు గుడ్డలో ముడుపు కట్టి, మంత్రాలయం దిక్కుకు తిరిగి, "నా కోడలితో సేవ చేయిస్తా స్వామీ, దానికి బాగు చేయి" అని మొక్కింది.

ఆ సేవ సంగతి మా పక్క వాళ్లకు చెప్పనక్కర లేదు, దూరం వాళ్లకు చెబుతున్నాను. జబ్బు మనిషి స్వామి సన్నిధిలోనే ఉండి, రోజూ తుంగభద్రలో మునిగి, తడి బట్టలతో బృందావనం చుట్టూ తిరగాలి. ఆడవాళ్లు అడుగుకో దండం పెడతారు. అడుగు వేయడం, మోకాళ్ల మీద వంగి తల నేలకు తాకించడం, లేవడం, మళ్లీ అడుగు వేయడం. ఇన్ని రోజులని లెక్క లేదు. స్వామి కలలో కనిపించి సెలవిచ్చేదాకా చేయాలి. అట్లా కల వచ్చి, బాగై, నవ్వుతూ ఇంటికి పోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. స్వామి మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

వైశాఖమంతా చేశాను. దండానికి వంగినప్పుడల్లా మోకాలు రాతికి ఆనేది. కళ్ల నీళ్లు వచ్చేవి. చుట్టూ ఉన్నవాళ్లు అది భక్తి అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఒక పొద్దున దండం పెట్టి లేవబోతే కాలు లేవలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టారు. కల రాలేదు. సేవ సగంలో నిలిచిపోయింది. బండిలో గడ్డి పరిచి నన్ను ఇంటికి తెచ్చారు.

ఆదోనిలో చూపిస్తే, ఎముకకు క్షయ పట్టిందనీ, పైకి పాకకముందే కాలు తీయడం మంచిదనీ చెప్పారు. ఆ మాట విన్నాక మా ఇల్లు మారిపోయింది. "క్షయ అనే మాట వాకిట్లో ఎవరితోనూ అనొద్దండి" అని మా అత్త అందరికీ చెప్పింది. నా చెంబు వేరే, నా కంచం వేరే అయ్యాయి. మా పద్మకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. దాన్ని నా దగ్గరికి రానివ్వలేదు. గడప అవతల నిలబడి "అమ్మా" అనేది, ఎవరో ఒకరు ఎత్తుకొని పోయేవారు. కాలు నొప్పి కన్నా అదే ఎక్కువ నొప్పి.

అట్లా ఉన్నప్పుడు వచ్చింది మస్తానమ్మ. ఆమె లేచి పోతుంటే మా ఇంటాయన వాకిట్లో ఆపి అడిగాడు.

"మస్తానమ్మా, నువ్వు చూసినావా, ఎవరన్నా చెప్తే విన్నావా?"

"చూసినానప్పా. అబద్ధం చెప్పి ఈ వాకిలి మళ్లీ తొక్కగల్నా?"

శ్రావణం వస్తూనే ఆదోనిలో రైలెక్కాం. బయల్దేరే ముందు మా అత్త స్వామి అక్షతలు ఒక గుడ్డపేలికలో కట్టి నా కొంగున ముడేసింది. "సేవ సగంలో పెట్టి పోతాండావు. మరిచిపోవాకు" అంది. నేను మరిచిపోలేదు. కడప చేరేదాకా రైలు చక్రాలు కూడా ఆ మాటే అంటున్నట్టు ఉంది.

మిషన్ ఆస్పత్రి వరండా పొడుగునా బల్లలు. బల్లల మీద, బల్లల కింద జనం. మా ఇంటాయన నన్ను ఎత్తుకొని నిలబడి ఉంటే, బల్ల మీద పడుకున్న ఒక ముసలామె తనంతట తనే లేచి, "ఈడ పండుకోబెట్టప్పా, నాకు రోగమేమి, కూచుంటే సరిపోతుంది" అని నేల మీదికి దిగింది. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. రోజూ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆమె గుర్తొస్తుంది.

కొంతసేపటికి వరండా చివర తలుపులోంచి దొర వచ్చాడు. మస్తానమ్మ చెప్పింది నిజమే. తలుపు దాటడానికి తల బాగా వంచాడు. ఒంటికి మించిన చేతులు. కానీ ఆయన ఒక అడుగు వేసేసరికి వరండా అంతా గుసగుసలాడింది. దొర కుంటుతున్నాడు.

"కాళ్లు బాగుచేసే దొరకే కాలు లేదు సూడు!" అన్నాడు ఎవరో.

"వడ్రంగోని ఇంట్లో పీట ఉంటాదా?" అన్నారు ఇంకొకరు. అందరూ నవ్వారు. తన వెంట వచ్చిన నర్సును దొర ఏమిటని అడిగాడు. ఆ పిల్ల సంకోచిస్తూనే చెప్పినట్టుంది. దొర అందరి కన్నా గట్టిగా నవ్వాడు. ఆయన పేరు లారెన్స్. ఆ నర్సు పేరు రూతమ్మ, బద్వేలు పిల్ల. ఇంతకు ముందున్న దొరసాని దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది.

చూసి చెప్పింది డాక్టరమ్మ. కాలు ఉంచి చూద్దామంది. ఏడాది దాకా సూదులు వేయించుకోవాలి, కాలికి సున్నపు కట్టు వేస్తారు, పాదం నేల మీద ఆనించకూడదు. "బాగవుతుందా అమ్మా?" అని మా ఇంటాయన అడిగాడు. ఆమె మభ్యపెట్టలేదు. "పడుకుంటే బాగవ్వచ్చు. మధ్యలో లేచి నడిస్తే మాత్రం కాలు దక్కదు" అంది.

ఆ మాట నాకు రాతి మీద చెక్కినట్టు ఉండిపోయింది. ఇటు సేవ సగంలో ఉంది, అటు లేవకూడదు. దేవుడి మాటకూ డాక్టరమ్మ మాటకూ మధ్య నా మంచం.

మొదటి నెలలు కష్టంగా గడిచాయి. పక్క మంచాల వాళ్లు ఏ కులమో, ఎవరి చేతి నీళ్లు తాగుతున్నానో అని మొదట్లో మనసు పీకేది. ఒకరోజు జ్వరంలో నోరు ఎండిపోతే రూతమ్మ తన చేత్తో నీళ్లు పోసింది. ఆ నీళ్లు లోపలికి పోతుంటే, ఇవి తుంగభద్ర నీళ్లే అనుకున్నాను. ఆ తరువాత ఆ బాధ లేదు.

దొర పని పొద్దున మా చేతులకూ, మంచి కాలికీ కసరత్తు చేయించడం. సాయంత్రం మంచాలన్నీ వరండాలోకి లాగించేవాడు. వంటశాల గోడకు కమ్మరి చేత చేయించిన ఇనుప కడెం ఒకటి బిగించి ఉండేది. తన దేశం నుంచి తెచ్చుకున్న తోలుబంతి మా చేతికి ఇచ్చి, పడుకున్నచోటి నుంచే ఆ కడెంలో పడేట్టు వేయమనేవాడు. రేపు కర్రల మీద నిలబడాలంటే ఇప్పుడే చేతులకు బలం రావాలట. ఆ ఆట పేరు బాస్కెట్‌బాల్ అని చెప్పాడు. మేము బుట్టబంతి అన్నాం. నేను వేసిన బంతి మొదట మంచం కోడు కూడా దాటలేదు. పోనుపోను గోడకు తగిలింది. పడ్డది మాత్రం దసరాకు కొంచెం ముందు. ఆ రోజు మగవాళ్ల వార్డులో కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందని కేకలు వేస్తున్నారు. నా బంతి కడెంలో పడ్డందుకే అంత కేక వేశారేమో అన్నాడు దొర. రూతమ్మ ఆ మాట తెలుగులో చెప్పేసరికి అందరం నవ్వాం.

ఆయన కథ మాకు ఒక్కరోజులో తెలియలేదు. సాయంత్రానికి కొంచెం చొప్పున, రూతమ్మ నోటి మీదుగా తెలిసింది.

"దొర వాళ్లది మన మాదిరే పల్లె అంట. మొక్కజొన్న చేన్లంట. కొట్టం గోడకు అడుగు లేని బుట్ట కొట్టుకొని పిల్లప్పటి నుంచీ బంతి వేసేవాడంట" అని చెప్పింది రూతమ్మ.

"వాళ్లమ్మ తిట్టేది కాదా?" అని అడిగింది పక్క మంచం ఆమె.

దొర నవ్వి ఏదో అన్నాడు. "శానా తిట్టేదంట. పశువులకు మేత వేయకుండా బుట్టకు వేస్తాండావు అనేదంట."

"అట్లయితే అమ్మలు అన్ని దేశాల్లో ఒకటే" అన్నాను నేను.

పెద్దయ్యాక ఒక ఊరి జట్టు వాళ్లు ఆయన పొడుగు చూసి తీసుకున్నారట. ఆట ఆడితే జీతం ఇస్తారట. ఆ మాట మా వార్డులో ఎవరూ నమ్మలేదు. "ఆడుకుంటే ఎవరిస్తారు దుడ్లు?" అని ముక్కున వేలేసుకున్నారు. చలికాలమంతా రైళ్లలో తిరిగేవారట. రైలు మంచాలు ఆయనకు చాలక కాళ్లు బయట పెట్టుకొని పడుకుంటే, దారిన పోయేవాళ్లు తట్టుకొని తిట్టేవారట. ఒక ఊళ్లో మంచుగడ్డ మీద చెక్కపలకలు పరిచి వాటి మీద ఆడించారట. అది కూడా మేము నమ్మలేదు గానీ, చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే నమ్మాలనిపించింది. వేలమంది ఆయన పేరు పెట్టి అరిచేవారట. పేపర్లలో బొమ్మ వేసేవారట.

"మరి ఆ కాలు ఎట్లయింది?" అని ఒకరోజు నేను అడిగాను. రూతమ్మ అడగడానికి జంకింది. దొర మాత్రం బంతి పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పాడు.

ఆ ఏడు వాళ్ల జట్టు అన్నిటికన్నా పెద్ద ఆట దాకా వచ్చిందట. ఆయన మోకాలు అప్పటికే వాచి ఉందట. కూర్చోమని డాక్టరు చెప్పాడట. ఊరంతా ఎదురుచూస్తున్నారు, నేను లేకపోతే ఎట్లా అని, గుడ్డలు బిగించి కట్టుకొని, నొప్పి తెలియకుండా సూది వేయించుకొని ఆడాడట. గెలిచారట. జనం ఆయనను భుజాల మీద ఎత్తుకున్నారట.

"అదే ఆఖరుసారి అంట" అంది రూతమ్మ. "మర్నాడు మెట్లు ఎక్కలేకపోయినాడంట. మళ్లీ ఎప్పుడూ ఆడలేదంట. నన్ను భుజాల మీదికి ఎత్తిన రోజు నుంచి నా కాళ్లు నేల మీద సరిగ్గా ఆనలేదు అంటాండాడు."

నాకు మంత్రాలయం అరుగు గుర్తొచ్చింది, నన్ను ఎత్తిన ఇద్దరు ఆడవాళ్లు గుర్తొచ్చారు. తరువాత ఆయన నెలలకొద్దీ ఆస్పత్రిలో ఉండి, మోకాలు వంచడం మళ్లీ నేర్చుకుంటూ ఈ విద్య కూడా నేర్చుకొని, మిషన్ వాళ్లు పంపితే ఇక్కడికి వచ్చాడట. జట్టులో ఉన్న కాలమంతా ఒక ఎత్తు, మంచం మీద ఉన్న కాలమంతా ఒక ఎత్తు అన్నాడు.

మార్గశిరంలో మా అత్త వచ్చింది. చెప్పాపెట్టకుండా, చంకలో పద్మను వేసుకొని, సద్దిమూట నెత్తిన పెట్టుకొని, మా ఇంటాయనను వెంటబెట్టుకొని వార్డులోకి వచ్చి నిలబడింది. నేను "పద్మా" అని చేతులు చాచాను. పిల్ల వాళ్ల అవ్వ మెడను కరుచుకొని మొహం దాచుకుంది. నన్ను గుర్తుపట్టలేదు.

"సూస్తివా?" అంది మా అత్త. "బిడ్డ తల్లిని మరిచిపోయింది. ఇంక చాలు. లేయి, పోదాం. సేవ పూర్తి చేద్దువు గానీ."

"అత్తా, లేస్తే కాలు పోతుందన్నారు."

"లేయకపోతే మాట పోతుంది. స్వామికి ఇచ్చిన మాట! సగంలో ఇడిసిపెడితివి, అందుకే ఇన్ని నెలలు పడుకున్నావు. నీకు తెలీదా ఏమి?"

మా ఇంటాయన తల వంచుకొని నిలబడ్డాడు. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆమె అన్నదే నేనూ రోజూ అనుకుంటున్నాను. ఇంకొంచెం గట్టిగా అని ఉంటే లేచి ఉండేదాన్నేమో.

అంతలో తలుపులో తల వంచి దొర లోపలికి వచ్చాడు. మా అత్త ఆయనను కింది నుంచి పై దాకా చూసింది.

"నువ్వేనా పొడుగప్ప? ఏమప్పా, స్వామికి మొక్కిన మొక్కు నువ్వు తీరుస్తావా?"

ఆ మాట రూతమ్మ ఇంగ్లీషులో చెప్పింది. దొర ఒక పీట లాక్కొని మా అత్త ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్నా ఆమె అంత ఎత్తే ఉన్నాడు. ఆ మొక్కు ఏమిటో, సేవ ఎట్లా చేస్తారో చెప్పమన్నాడు. రూతమ్మ వాళ్ల దేవుడు వేరే, అయినా ఎక్కడా ఎగతాళి రానీయకుండా అడుగు అడుగూ చెప్పింది. నది, తడి బట్టలు, దండం, కల. విన్నాక దొర తన కుంటికాలు చాపి, దాని మీద చెయ్యి పెట్టుకొని మాట్లాడాడు.

"దొర ఏమంటాడంటే అవ్వా" అంది రూతమ్మ, "వాళ్ల ఆటలో గీత లోపల ఐదుగురే ఉంటారంట. కొందరు గీత బయట బల్ల మీద కూర్చోనుంటారంట. లోపల ఒకనికి కాలు పోతే, వాడు చెయ్యెత్తాలంట. చెయ్యెత్తితే బల్ల మీద ఉన్నోడు వాని బదులు పోతాడంట. పోయినోడు బంతి వేస్తే అది అందరి లెక్కలోకీ వస్తాదంట. కూర్చున్నోని లెక్కలోకి కూడా. కూర్చున్నోడు కూడా జట్టులోవాడేనంట."

"అయితే?"

"ఆ పెద్ద ఆట రోజు దొర చెయ్యెత్తలేదంట. బల్ల మీద తన కన్నా చిన్నోడు ఒకడు తయారుగా ఉన్నాడంట, వానికి చోటివ్వలేదంట. నేను లేకపోతే ఎట్ల అనుకున్నానంటాండాడు." రూతమ్మ ఆగి, దొర ఆఖరున అన్నది విని, మా అత్త వైపు తిరిగింది. "మీ సేవలో ఒకరి బదులు ఇంకొకరు పోవచ్చునా అని అడుగుతాండాడు అవ్వా."

మా అత్త చంకలో పిల్లను సర్దుకుంది.

"పోవచ్చు" అంది చివరికి. "బిడ్డకు తల్లి పోతాది. మొగునికి పెండ్లాం పోతాది. అత్తకు కోడలు పోతాది."

అక్కడితో ఆగిపోయింది. ఆగిన చోటు ఏమిటో ఆడవాళ్లం అందరికీ అర్థమైంది. కోడలి కోసం అత్త తడి బట్టలతో తిరగడం మా పక్క ఎవరూ చూడలేదు, వినలేదు. అడిగే కోడలు కూడా ఎక్కడా ఉండదు.

నాకు తల్లి లేదు. నేను చిన్నప్పుడే పోయింది. ఆ సంగతి మా అత్తకు తెలుసు. ఆమె నా వైపు చూస్తోంది. నేను దొర వైపు చూశాను. నోటితో అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. కొంగున ఉన్న అక్షతల ముడి ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి పైకెత్తాను. బంతి వేసి వేసి బలం వచ్చిన చెయ్యి అది.

మా అత్త కళ్లు తుడుచుకోలేదు గానీ ముక్కు చీదింది. "దించు చెయ్యి, నొప్పి పుడుతుంది" అంది. తరువాత గొంతు తగ్గించి, "మొక్కింది నేను. పడింది నువ్వు. పాడు నోరు నాది, నేనే తిరుగుతానని మొక్కింటే ఏం పోయింది!" అంది.

"నీకు మోకాళ్ల నొప్పులు కదమ్మా" అన్నాడు మా ఇంటాయన.

"గమ్మునుండు. నీ బదులు ఎవరన్నా మాట్లాడితే బాగుండు" అంది. ఆ మాటకు మొదట నవ్వింది పద్మ. ఎందుకు నవ్విందో దానికే తెలియదు. నవ్వుతూ అవ్వ మెడ వదిలి, నా మంచం కోడు పట్టుకొని నిలబడి, కట్టు మీద వేలితో తట్టి చూసింది.

మర్నాడు పొద్దుటి రైలుకే మా అత్త మంత్రాలయం పోయింది. పుష్యమంతా, ఆ చలిలో, తుంగభద్రలో మునిగి, అడుగుకో దండం పెట్టింది. "ఏమ్మా, ఎవరి కోసం?" అని అడిగినవాళ్లకు "కోడలి కోసం" అంటే, నమ్మక మళ్లీ అడిగేవారట. నేను వార్డులో పడుకొని, అదే పొద్దున మంచం మీదనే చేతులు జోడించేదాన్ని. ఆ నెలరోజులూ నాకు లేవాలని అనిపించలేదు. పడుకోవడం కూడా నాకు ఇచ్చిన పనే అనిపించింది. అంత నెమ్మది నా జీవితంలో అంతకు ముందు ఎరగను.

మాఘంలో తిరిగి వచ్చింది. మోకాళ్లు కాయలు కాచాయి, మొహం మాత్రం వెలుగుతోంది. "కల వచ్చినాదా అత్తా?" అని అడిగాను.

"వచ్చింది. తెల్లారగట్ల వచ్చింది."

"స్వామి ఎట్లున్నాడు?"

కలలు అందరిలో చెప్పకూడదంటారు. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "తలుపు కాడ తల వంచి లోపలికి వచ్చినాడే" అంది.

కొత్త ఏడు ఉగాది దాటాక, ఎండలు ముదిరేనాటికి కట్టు విప్పారు. ఆ కాలును చూసి నాదేనా అనుకున్నాను, కట్టెపుల్లలా ఉంది. వాపు లేదు, జబ్బు ఆగిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. కానీ మోకాలు ఇక వంగదు, చాపినట్టే ఉంటుందని కూడా చెప్పింది. ఆ రాత్రంతా ఏడుస్తానేమో అనుకున్నాను. నిద్ర పట్టింది. దొర నన్ను రెండు వెదుళ్ల మధ్య నిలబెట్టాడు. మొదటి అడుగు వేయనీయలేదు. ముందు నిలబడమన్నాడు. ఊరికే నిలబడితే చాలన్నాడు. కొన్నాళ్లకు అడుగు వేశాను. వరండా చివర, మా ఇంటాయన తోలుకొచ్చిన పద్మ ఆ తోలుబంతి పట్టుకొని నిలబడి, "అమ్మా, రా" అంది. పోయాను.

ఇప్పుడు నేను నేల మీద కూర్చోలేను. పూజకు పీట వేసుకుంటాను. విస్తరి ముందు కూర్చోలేనందుకు పెళ్లిళ్లలో నలుగురూ చూస్తారు, చూడనీ అనుకుంటాను. చెల్లెళ్లారా, మోకాలు వాస్తే దాచుకోకండి. క్షయ అనే మాటకు భయపడి చెంబులు వేరు చేయకండి, ముందు మనిషిని చూపించండి. దేవుడికి మొక్కండి, కానీ నొప్పి ఉన్న కాలితో మొక్కు తీర్చకండి. బదులు పోయేవాళ్లు ఇంట్లో ఉంటారు. చెయ్యెత్తాలి, అంతే.

ఆ ఏడు కార్తికంలో మా అత్తా నేనూ కలిసి మంత్రాలయం పోయాం. ఆ ఊరి దేవత మంచాలమ్మకు దండం పెట్టుకొని స్వామి దగ్గరికి పోతే, అర్చనకు పేర్లు, గోత్రం చెప్పమన్నారు. మా అత్త ఇంట్లో అందరి పేర్లూ చెప్పి, ఆఖరున "లారెన్సప్ప" అంది.

అర్చకస్వామి ఆగాడు. "ఎవరమ్మా? గోత్రం?"

"తెలీదు సామీ. తెలీనోళ్లకు మీరే కాశ్యపం చెప్తారు గదా. అదే చెప్పండి."

ఆయన మా అత్త మొహం చూసి, ఇంకేమీ అడగకుండా, కాశ్యప గోత్రోద్భవస్య అని ఆ పేరు కలిపి చదివాడు.

పోయిన వేసవిలో మస్తానమ్మ మళ్లీ కబురు తెచ్చింది. మోకాలు మరీ ముదిరి దొర వాళ్ల దేశానికి వెళ్లిపోయాడట. ఆయన ఊరి పేరు నాకు పలకడం రాదు. అక్కడ ఆయన పేరు పెట్టి అరిచినవాళ్లు ఇప్పుడు వేరే పేర్లు అరుస్తుంటారని ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. అందుకని ఇది చదివినవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. మీరు ఏ గుడికి పోయినా, మీ వాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, అర్చకుడు ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నట్టు ఒక్క క్షణం ఆగుతాడు. అప్పుడు ఇంకొక్క పేరు చెప్పండి. కాశ్యప గోత్రం, లారెన్స్.